బుల్లెట్ 350 బ్లాకు, డబ్బాలో పాత పిస్టన్లు: ఏది ఏ బండిది, ఏది మళ్ళీ వాడొచ్చు?

గాజువాక_350
నమస్కారం అందరికీ. కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఇంజను విప్పి పెట్టాను. ఆటోనగర్ పాత సామాను కొట్లో తూకానికి తెచ్చిన డబ్బాలో నాలుగు పిస్టన్లు వచ్చాయి, మూడింటికి రింగులు కూడా ఉన్నాయి. వెర్నియర్‌తో స్కర్ట్ (రింగుల కింది భాగం) దగ్గర కొలిస్తే వచ్చినవి ఇవి:

ఒకటోది: పైన 020 అని గుద్ది ఉంది, 70.4 మి.మీ., మూడు రింగులు
రెండోది: 050, 65.4 మి.మీ.
మూడోది: అంకె ఏదీ లేదు, 60.9 మి.మీ., రింగులు లేవు
నాలుగోది: బాణం గుర్తు, 0.25, 50.2 మి.మీ.

ఒకటోది బుల్లెట్‌దేనా? అయితే నా బ్లాకులో (సిలిండర్‌లో) వేసి, ఉన్న రింగులతోనే నడపొచ్చా? కిట్ కొనే ముందు అడుగుదామని.

థౌమాస్టారు
ఒకటోది బుల్లెట్ 350దే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ ఇంజను బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90, అంటే 346 సీసీ. అదే 500 అయితే బోరు 84.

మీ పిస్టన్ మీద 020 అంటే బోరు అసలు సైజుకంటే ఎంత పెద్దదో చెప్పే అంకె. అది 0.20 మి.మీ. కాదు, ఇరవై థౌ. ఒక థౌ అంటే ఇంచీలో వెయ్యో వంతు, 0.0254 మి.మీ. కాబట్టి ఇరవై థౌ 0.508 మి.మీ., అంటే ఆ పిస్టన్ వెయ్యాల్సిన బోరు 70.508. పిస్టన్ ఎప్పుడూ బోరుకంటే కాస్త చిన్నదే ఉంటుంది గనక మీకు 70.4 చిల్లర వచ్చింది, లెక్క సరిపోయింది. ఇంగ్లీషు డ్రాయింగుల మీద పుట్టిన బళ్ళకి 010, 020, 030, 040 అని గుద్దుతారు. జపాన్, చెక్ బళ్ళవి మి.మీ.లో 025, 050, 075, 100. అందుకే 020, 030, 040 కనిపిస్తే ఇంచీ. 025, 050, 075 కనిపిస్తే మి.మీ. అనుకుని మొదలుపెట్టండి, తర్వాత కొలిచి తేల్చుకోండి. బుల్లెట్‌కి మన దగ్గర రెండు రకాల గుర్తులతోనూ పిస్టన్లు దొరుకుతాయి, అందుకే గుద్దిన అంకె మీద ఆధారపడి బోరింగు (బోరుని కోసి పెద్దది చెయ్యడం) చెయ్యించకూడదు.

కొలవడానికి వెర్నియర్ చాలదు. మనకి కావలసిన తేడాలు వందో వంతు మి.మీ.లో ఉంటాయి. 50-75 మైక్రోమీటర్ తీసుకోండి. పిస్టన్ గుండ్రంగా ఉండదు: పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపేది) వైపు సన్నం, దానికి అడ్డంగా వెడల్పు. పైనుంచి కిందికి కూడా సన్నం నుంచి వెడల్పుకి వస్తుంది, ఎందుకంటే పైభాగం ఎక్కువ వేడెక్కి ఎక్కువ వ్యాకోచిస్తుంది. మాన్యువల్ వేరే ఎత్తు చెప్పకపోతే స్కర్ట్ కింది అంచు నుంచి 10 మి.మీ. పైన, పిన్‌కి అడ్డంగా కొలవండి. తల దగ్గర కొలిచి "పిస్టన్ అరిగిపోయింది" అనేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు.

మర్రిపాలెం_టూస్ట్రోక్
మిగతా మూడూ నాకు వదిలెయ్యండి. ముందు రింగు గ్రూవుల్లోకి (రింగు కూర్చునే గాడుల్లోకి) చూడండి. గ్రూవులో చిన్న పెగ్గు, అంటే రింగు తిరగకుండా ఆపే పిన్ను, ఉంటే అది టూ స్ట్రోక్. ఫోర్ స్ట్రోక్‌లో ఆ పెగ్గు ఉండదు, రింగు తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. టూ స్ట్రోక్‌లో రింగు మూతి (రెండు చివరలు కలిసే చోటు) పోర్టు (బోరు గోడలోని రంధ్రం) ముందుకి వస్తే బయటికి విచ్చుకుని పోర్టు అంచుకి తగిలి విరిగిపోతుంది, అందుకే పెగ్గు. పైగా టూ స్ట్రోక్‌లో ఆయిల్ రింగు ఉండదు, గ్రూవు అడుగున ఆయిలు దిగే చిల్లులూ ఉండవు.

రెండోది జావా లేదా యెజ్డి 250. బోరు 65, స్ట్రోకు 75. 050 అంటే 65.50 బోరుది. మూడోది రాజ్‌దూత్ 175 అయి ఉండాలి, బోరు 61, స్ట్రోకు 59.5. అంకె లేదంటే చాలావరకు స్టాండర్డ్ సైజే. నాలుగోది ఆర్‌ఎక్స్ 100, బోరు 50, పావు ఓవర్‌సైజు. బాణం సైలెన్సర్ వైపు ఉండాలి. బాణం తిరగేసి వేస్తే పెగ్గు ఉన్న చోటు మారి రింగు మూతి పోర్టులోకి వస్తుంది. ఇంజను ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పలేం.

బజాజ్ చేతక్ పిస్టన్ 57, రాజ్‌దూత్ 350ది 64. డబ్బాల్లో ఎక్కువగా కలిసిపోయేవి ఇవే. 64కీ 65కీ తేడా చేత్తో తెలియదు.

పాతబండి_సీతమ్మధార
బోరు ఒకటే అయినంత మాత్రాన పిస్టన్ సరిపోయినట్టు కాదు. ఇంకో నాలుగు కొలతలు రాసుకోండి: పిన్ వ్యాసం, పిన్ మధ్య నుంచి తల అంచు వరకు ఎత్తు, మొత్తం పొడుగు, గ్రూవుల వెడల్పు.

పిన్ మధ్య ఎక్కడుందో నేరుగా కొలవలేం కదా. వెర్నియర్ లోతు కడ్డీతో తల అంచు నుంచి పిన్ రంధ్రం పై అంచు దాకా కొలిచి, దానికి పిన్ వ్యాసంలో సగం కలపండి. ఈ ఎత్తు 1 మి.మీ. తేడా వచ్చినా కంప్రెషన్ మారిపోతుంది, ఎక్కువైతే తల హెడ్‌కి తగులుతుంది. గట్టి అనుమానం ఉంటే, హెడ్ బిగించే ముందు పిస్టన్ తల మీద రెండు చోట్ల మెత్తటి సీసపు సోల్డర్ తీగ గ్రీజుతో అంటించి, హెడ్ పాత గాస్కెట్‌తో బిగించి, ఇంజను చేత్తో ఒక చుట్టు తిప్పండి. నలిగిన తీగ మందమే మీ ఖాళీ.

స్కర్ట్ లోపలివైపు కూడా టార్చి వేసి చూడండి. తయారీదారు గుర్తు, పోత నంబరు అక్కడే ఉంటాయి. ఇంగ్లీషు పాతవాటి మీద హెపోలైట్ అని, మనవాటి మీద ఇండియా పిస్టన్స్, గోట్జ్, ఉషా, సామ్‌క్రగ్ గుర్తులు కనిపిస్తాయి. సామ్‌క్రగ్ ఫ్యాక్టరీ మనకి పక్కనే, పైడిభీమవరంలో ఉంది. నంబరు దొరికితే కేటలాగులో సగం పని అయిపోతుంది.

గాజువాక_350
ధన్యవాదాలు మాస్టారూ, సార్. మైక్రోమీటర్‌తో ఒకటోది 70.42 వచ్చింది. స్కర్ట్ మీద ముందువైపు సన్నటి నిలువు గీతలు ఉన్నాయి, గోరుకి తగలడం లేదు. ఇప్పుడు రింగుల సంగతి చెప్పండి.

కంచరపాలెం_లేత్
ఏటండీ, రింగుల సంగతి తర్వాత, ముందు పిస్టన్ బతికుందో లేదో సూడండి. గోరుకి తగలని గీతలకి ఏటీ అవదు. గోరు ఆగిందంటే అనుమానం. పిన్ బాసుల (పిన్ రంధ్రం ఉండే మందపాటి భాగాల) చుట్టూ, స్కర్ట్ కోతల మూలల్లో పగుళ్ళు ఉంటాయి. కిరసనాయిల్లో రాత్రంతా నానబెట్టి, పొడి గుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి నీళ్ళలో కలిపి పూసి ఆరనివ్వండి. పగులు ఉంటే కిరసనాయిలు బయటికి ఊరి తెల్లటి సుద్ద మీద గీతలా తడి కనిపిస్తాది. కనిపించిందంటే ఆ పిస్టన్ని యాష్‌ట్రేగా వాడుకోండి.

పిన్‌ని వేలితో నెట్టినప్పుడు ఆయిలు ఉంటే మెల్లగా జారాలి. దానంతట అది పడిపోతే రంధ్రం అరిగినట్టు. పిన్ మధ్యలో నీలం రంగు వచ్చి ఉంటే ఆయిల్ అందక కాలిపోయినట్టు, పిన్‌తో పాటు కనెక్టింగ్ రాడ్ బుష్ కూడా చూడాలి.

ఇంకో మాట. పిన్ రాకపోతే సుత్తితో కొట్టకండి. రాడ్ వంగిపోతాది. పిస్టన్‌ని మరిగే నీళ్ళలో ముంచిన గుడ్డతో చుట్టి ఐదు నిమిషాలు ఉంచితే అల్యూమినియం సాగి పిన్ వేలితో వచ్చేస్తాది.

థౌమాస్టారు
గ్రూవుల పని. కార్బన్ తియ్యడానికి విరిగిన పాత రింగు ముక్కని చివర నలుచదరంగా రాపి గ్రూవులో గీకండి, కానీ అల్యూమినియం మెరుపు కనిపించగానే ఆపెయ్యండి. గ్రూవు వెడల్పు పెరిగితే ఆ పిస్టన్ పోయినట్టే. తర్వాత కొత్త రింగుని గ్రూవులో చుట్టూ తిప్పుతూ పక్కన ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే సన్నటి రేకులు) పెట్టండి. 0.05 నుంచి 0.08 ఉంటే కొత్తలాంటిది. 0.15 దాటితే పై గ్రూవు అరిగిపోయింది. అలాంటి గ్రూవులో రింగు పైకీ కిందికీ కొట్టుకుంటూ ఆయిల్ని పైకి తోడుతుంది. బండి నీలం పొగ మానదు, రింగులు ఎన్నిసార్లు మార్చినా.

ఇక్కడ ఇంచీ, మి.మీ. గొడవ బాగా దెబ్బతీస్తుంది. పాత ఇంగ్లీషు గ్రూవు 1/16 ఇంచీ, అంటే 1.588 మి.మీ. అందులో 1.5 మి.మీ. రింగు వేస్తే చక్కగా దిగుతుంది, కానీ 0.09 అదనపు వదులు వస్తుంది. 5/32 ఇంచీ ఆయిల్ రింగు గ్రూవు 3.97, అందులో 4 మి.మీ. రింగు పట్టదు. కొందరు దాన్ని ఎమెరీ కాగితం మీద రుద్ది దింపేస్తారు. ఆ రుద్దడం సమతలంగా రాదు, రింగు ఒకచోట పట్టేసి కార్బన్‌తో బిగుసుకుపోతుంది.

రింగు లోతు కూడా చూడండి. గ్రూవు అడుగుకి నొక్కితే రింగు అంచు పిస్టన్ గట్టుకంటే లోపలికి పోవాలి. బయటికి పొడుచుకొస్తే ఆ రింగు ఆ పిస్టన్‌ది కాదు.

గాజువాక_350
పాత రింగులు మెరుస్తున్నాయి. బాగున్నట్టేనా?

థౌమాస్టారు
మెరుపు మంచిది కాదు, చెడ్డదీ కాదు. ఎక్కడ మెరుస్తోందన్నదే చూడాలి. చుట్టూ సమానంగా మెరిస్తే బోరుతో పూర్తిగా కలిసి అరిగింది. మధ్యలో మసక మచ్చలు ఉంటే అక్కడ గ్యాసు జారిపోతోంది. దానికి తోడు రింగు కింద గట్టు మీద గోధుమ రంగు మరకలు కనిపిస్తాయి. కొత్త రింగు పక్కన పెట్టి, విప్పిన స్థితిలో మూతి ఎంత తెరుచుకుందో పోల్చండి. పాతది బాగా మూసుకుపోయి ఉంటే బిగువు చచ్చిపోయింది.

పాత రింగుల్ని తిరిగి వాడొచ్చు, కానీ ఒకే షరతు మీద: అదే బోరు, అదే గ్రూవు, అదే ముఖం పైకి, బోరుకి హోనింగు (రాళ్ళతో సన్నటి గీతలు పడేలా రాపడం) చెయ్యకుండా. వేరే పనికి బ్లాకు ఎత్తి మళ్ళీ దించుతున్నప్పుడు మాత్రమే ఇది. ఏ బ్లాకులో అరిగాయో తెలియని మీ డబ్బా రింగుల్ని మీ బోరులో వేస్తే కూర్చోవు. హోనింగు చేసిన బోరులో పాత రింగులు వెయ్యడం ఇంకా దండగ, అరగాల్సిన పదును వాటిలో మిగిలి ఉండదు.

మర్రిపాలెం_టూస్ట్రోక్
క్రోమ్ రింగో, మామూలు పోత ఇనుప రింగో తెలియకపోతే మైలుతుత్తం నీళ్ళు ఒక చుక్క రింగు బయటి ముఖం మీద వెయ్యండి. ఇనుము అయితే కాసేపట్లో రాగి రంగు పడుతుంది, క్రోమ్ అయితే పడదు. ముందు పెట్రోలుతో తుడవాలి, జిడ్డు ఉంటే పరీక్ష అబద్ధం చెబుతుంది. క్రోమ్ రింగు పోత ఇనుప బోరుకి సరే, క్రోమ్ పూత ఉన్న బోరులో మాత్రం పోత ఇనుప రింగే వెయ్యాలి. క్రోమ్ మీద క్రోమ్ పట్టేస్తుంది.

కంచరపాలెం_లేత్
బోరు కొలత ఇంకా పెట్టలేదు బాబూ. బోర్ గేజ్ లేకపోయినా రింగుతో తెలుసుకోవచ్చు. ఒక రింగుని బోరు అడుగున, పిస్టన్ ఎప్పుడూ తగలని చోట పెట్టి, పిస్టన్ తలని తిరగేసి నెట్టి సమంగా నిలబెట్టండి. మూతి ఖాళీ ఫీలర్‌తో కొలవండి. అదే రింగుని పైన, రింగులు ఆగే గట్టుకి కొంచెం కింద పెట్టి మళ్ళీ కొలవండి. రెండిటి తేడాని 3.14తో భాగిస్తే బోరు ఎంత అరిగిందో వచ్చేస్తాది.

గాజువాక_350
అడుగున 0.40, పైన 0.72. తేడా 0.32. అంటే 0.10 అరిగినట్టు. బోరింగు షాపులో గేజ్ పెట్టించాను: అడుగున 70.52, పైన 70.62. లెక్క కుదిరింది! బ్లాకు కింద లోపలివైపు చిన్న తుప్పు గుంటలు కూడా ఉన్నాయి, చాన్నాళ్ళు మూత లేకుండా పడి ఉంది.

పాతబండి_సీతమ్మధార
మన సముద్రపు గాలికి అదే జరుగుతుంది. విప్పిన బ్లాకుని ఇక్కడ ఒక్క వర్షాకాలం వదిలేస్తే చాలు, బోరు ఎర్రబడుతుంది. ఆయిలు పూసి ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి పెట్టాలి, మధ్యమధ్యలో తీసి మళ్ళీ పూయాలి.

గుంటలు ఎక్కడ? రింగులు తిరిగే దారికి బయట అడుగున ఉంటే ఫరవాలేదు. దారిలో ఉంటే రింగు వాటిమీంచి పోయినప్పుడల్లా ఆయిలు వదిలేసి పోతుంది.

థౌమాస్టారు
మీ లెక్క చూద్దాం. పిస్టన్ 70.42. అడుగున ఖాళీ 0.10, అంటే నాలుగు థౌ. ఈ ఇంజనుకి అది ఫరవాలేదు. పైన 0.20, ఎనిమిది థౌ. పిస్టన్ తన్నుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడు టకటక వినిపిస్తుంది. ఆ అరిగిన బోరులో కొత్త రింగులు వేసి నడిపిస్తే ఇంకో ప్రమాదం ఉంది. పైన రింగులు ఆగే చోట అరగని గట్టు మిగిలి ఉంటుంది. పాత రింగు ఆ గట్టుకి సరిపోయేలా అరిగి ఉంటుంది, కొత్త రింగు పదునైన అంచుతో వెళ్ళి దాన్ని గుద్దుకుంటుంది. రింగు విరుగుతుంది, లేదా పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు తెగిపోతుంది.

కాబట్టి బోరింగు తప్పదు. ఎంతకి? 030 అంటే 70.762. ఇప్పుడు అడుగున 70.52 ఉన్న బోరు సెంటరు అలాగే ఉంచి 70.762కి తీస్తే ఒక్కో వైపు 0.121 మాత్రమే పోతుంది. మీ అరుగుదల 0.10. ఎక్కువ భాగం వెనకవైపే ఉంటుంది, ఎందుకంటే ముందుకి తిరిగే ఇంజనులో పవర్ స్ట్రోక్‌లో పిస్టన్ వెనక గోడని నొక్కుతుంది. అంతా ఒకే వైపు ఉన్నా 030కి బొటాబొటీగా శుభ్రమవుతుంది. తుప్పు గుంటలు 0.12 కంటే లోతు ఉంటే శుభ్రం కాదు, 040కి వెళ్ళాలి. అందుకే పిస్టన్ ముందే కొనకండి. ముందు 030కి దగ్గరగా ఒక కోత తీయించి చూడమనండి. గుంటలు మాయమైతే 030 పిస్టన్ కొనండి, పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు చివరి హోనింగు చెయ్యమనండి.

ఒకటో పిస్టన్ పారెయ్యక్కర్లేదు. పగుళ్ళు లేకపోతే, పిన్ వదులు లేకపోతే, గ్రూవు ఖాళీ 0.15 లోపు ఉంటే, ఎవరిదైనా స్టాండర్డ్ బ్లాకుని 020కి తీసినప్పుడు కొత్త రింగులతో పనికొస్తుంది. ఆ బోరుని 70.50 దగ్గర హోన్ చేయించాలి, అంతే.

గాజువాక_350
కొత్త పిస్టన్ వేసేటప్పుడు రింగు మూతి ఖాళీ ఎంత పెట్టాలి మాస్టారూ? కిట్‌లో వచ్చినవి అలాగే వేసెయ్యొచ్చా?

థౌమాస్టారు
వెయ్యకూడదు, ప్రతిదీ బోరులో పెట్టి చూడాలి. పోత ఇనుప రింగుకి బోరు ఇంచీకి నాలుగు థౌ లెక్క కనీసం. 70 మి.మీ. బోరు 2.75 ఇంచీలు కాబట్టి పదకొండు థౌ, అంటే 0.28. గాలి చల్లార్చే సింగిల్ సిలిండర్ ఇంజను కాబట్టి 0.35 పెట్టుకుంటే నిశ్చింత. తక్కువైతే వేడిలో మూతులు కలుసుకుని రింగు బోరుని గీరేస్తుంది. ఎక్కువైతే కాస్త ఆయిలు తింటుంది, అంతకంటే ఏమీ కాదు. ఆకురాయితో మూతి రాపేటప్పుడు బయటి అంచు నుంచి లోపలికే తొయ్యండి, క్రోమ్ రింగు అయితే బయటికి రాపితే పొర లేచిపోతుంది.

మూడు రింగుల మూతులూ ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో, ఏదీ వెనక గోడ మీదికి రాకుండా. మూతి దగ్గర అక్షరం గుద్ది ఉంటే అది పైకి. అక్షరం లేకపోతే ఆకారం చూడండి: లోపలి అంచుకి వాలు కోత ఉంటే వాలు పైకి, బయటి ముఖానికి మెట్టు ఉంటే మెట్టు కిందికి. చీలిక స్కర్ట్ ఉన్న పాతకాలపు పిస్టన్ అయితే చీలిక ముందువైపు రావాలి, ఒత్తిడి పడని వైపు.

మర్రిపాలెం_టూస్ట్రోక్
డబ్బాలో ఆ టూ స్ట్రోక్ పిస్టన్లు వాడాలనుకునేవాళ్ళకి రెండు సంగతులు. పెగ్గుని పట్టకారుతో మెల్లగా లాగి చూడండి, కదిలితే ఆ పిస్టన్ వద్దు. పెగ్గు ఊడిందంటే రింగు తిరిగి పోర్టుకి తగులుతుంది. ఇంకోటి, బోరింగు అయ్యాక పోర్టు అంచులన్నీ పదునుగా ఉంటాయి. చిన్న ఆకురాయితో అంచులు కాస్త వాలుగా రాపించాలి. బోరింగు షాపులో చాలామంది ఇది చెయ్యరు, మీరే అడిగి చెయ్యించుకోండి.

రింగు పైన వాలుగా, త్రికోణంలాంటి కోతతో ఉందా, సమంగా ఉందా కూడా చూడండి. వాలు గ్రూవులో సమం రింగు, సమం గ్రూవులో వాలు రింగు దిగినట్టే కనిపిస్తాయి, రెండూ తప్పే.

సీజ్ అయిన (పిస్టన్ పట్టేసిన) బోరుకి అల్యూమినియం అంటుకుని ఉంటే ఇసుక కాగితంతో గీకకండి. కాస్టిక్ సోడా నీళ్ళు దూదితో ఆ మచ్చ మీద మాత్రమే పూస్తే నురగ వచ్చి అల్యూమినియం కరిగిపోతుంది, ఇనుప బోరుకి ఏమీ కాదు. చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు, ఆరుబయట, దగ్గర్లో మంట లేకుండా. ఆ నురగలో హైడ్రోజన్ ఉంటుంది. అల్యూమినియం ఫిన్లున్న బ్లాకు మీద ఒక్క చుక్క పడకూడదు.

కంచరపాలెం_లేత్
హోనింగు అయ్యాక బోరుని పెట్రోలుతో తుడిచి సరిపెట్టకండి. గీతల్లో ఉన్న రాతిపొడి పెట్రోలుకి పోదు. వేణ్ణీళ్ళు, సబ్బు, బ్రష్షు. తెల్లగుడ్డ తుడిచినా తెల్లగా వచ్చేదాకా కడగాలి. ఆరిన వెంటనే ఆయిలు పూయాలి, మన ఊళ్ళో అరగంటకే తుప్పు పడతాది. పిన్ లాకులు కొత్తవే, పాతవి బిగువు పోయి ఉంటాయి. లాకు మూతి పైకి గానీ కిందికి గానీ పెట్టండి, పక్కకి వద్దు.

గాజువాక_350
షాపులో కోత తీశారు. 70.74 దగ్గర వెనకవైపు గుంటలు రెండు ఇంకా చుక్కల్లా కనిపిస్తున్నాయి, పై నుంచి 50 మి.మీ. కింద. 040కి వెళ్ళమంటారా?

థౌమాస్టారు
రింగు దారిలోనే ఉన్నాయి, వెళ్ళండి. 040 అంటే 71.016. అయితే కిట్ మీద 100 అని ఉంటే అది 71.00, రెండూ ఒకటి కాదు. పిస్టన్ చేతికొచ్చి, మైక్రోమీటర్‌తో కొలిచాకే చివరి కోత. ఖాళీ మూడు నుంచి నాలుగు థౌ, అంటే 0.08 నుంచి 0.10. దీని తర్వాత ఈ బ్లాకుకి మిగిలేది స్లీవే, అంటే లోపల కొత్త ఇనుప గొట్టం దింపడమే.

పాతబండి_సీతమ్మధార
మొదటి 500 కి.మీ. భీమిలి రోడ్డు మీద తిప్పండి, 40 నుంచి 55 మధ్య వేగం మారుస్తూ. ఒకే వేగంలో గంటసేపు పోవద్దు, ఐడిల్‌లో నిలబెట్టొద్దు, సింహాచలం కొండ ఎక్కించొద్దు. 20డబ్ల్యూ50 ఆయిలు తొలి 100 కి.మీ.కి మార్చేసి, ఫిల్టరులో ఏం పడిందో అయస్కాంతంతో చూడండి. సన్నటి బూడిద పొడి మామూలే. మెరిసే పెచ్చులు వస్తే నడపడం ఆపి బ్లాకు ఎత్తండి.